ఇబ్రా వెళ్తున్న అమ్మలుకి

అమ్మలూ,

ఒమన్‌లో, అదీ ఇబ్రాలో, నీకు నర్సు ఉద్యోగం ఖాయమైందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషమైంది. అక్కడి ఎడారి గురించి, మనుషుల గురించి రాయాలని కూడా అనుకుంటున్నావట. మీ పెదనాన్న ఉద్యోగం వల్ల ఆ ఊళ్ళో ఎన్నో ఏళ్ళు కాపురం చేశాను, అక్కడి పిల్లలకి లెక్కలు చెప్పాను. నర్సు పని నీకు నేను చెప్పక్కర్లేదు. రాయడం గురించీ, అక్కడ మసలుకోవడం గురించీ నాకు తోచింది చెప్తాను.

ముందుగా, ఎడారి ఖాళీ అని ఎప్పుడూ రాయకు. ఇబ్రాకి దగ్గర్లో మొదలయ్యే షర్కియా ఇసుక ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 180 కిలోమీటర్లు ఉంటుంది. వహీబా అనేది దాని పాత పేరు. కొత్తవాళ్ళకి అందులో ఇసుక తప్ప ఏమీ కనపడదు. బదూ కుటుంబాలకి, అంటే ఆ ఎడారిలో మందలు మేపుకుంటూ తిరిగే తెగలవాళ్ళకి, మాత్రం ఏ దిబ్బ వెనక మేత ఉందో, ఏ బావిలో నీళ్ళు బాగుంటాయో, ఎవరు ఎక్కడ దిగుతారో అన్నీ తెలుసు. ఆ ఇసుక అంచున ఘాఫ్ చెట్లు కనిపిస్తాయి. దగ్గరికి వెళ్ళి ఆకు పట్టుకుని చూడు, అది మన జమ్మి చెట్టే. దసరాకి మనం పూజ చేసే చెట్టు, తెలంగాణ రాష్ట్ర వృక్షం. అక్కడ ఒంటెలకీ మేకలకీ అదే మేత, మనుషులకి అదే నీడ. మొదటి రోజుల్లో మనసు దిగులుగా ఉంటే ఆ చెట్టు కిందికి వెళ్ళి కూర్చో.

ఇప్పుడు బదూలలో చాలామందికి బిదియా వైపు ఊళ్ళలో సిమెంటు ఇళ్ళున్నాయి. గుడారం పక్కన పికప్ బండి ఉంటుంది, పిల్లలు కాలేజీలకి వెళ్తారు. ఇది చూసి అసలైన బదూలు ఇక లేరని బాధపడుతూ రాసేవాళ్ళు ఉన్నారు. అది నాకు అస్సలు నచ్చదు. మనం ఊరు వదిలి విమానం ఎక్కి ఉద్యోగాలకి వెళ్ళొచ్చు గానీ, వాళ్ళు మాత్రం గుడారంలోనే ఉండాలా? 1970లో సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కే నాటికి ఆ దేశం మొత్తంలో తారు రోడ్డు సుమారు పది కిలోమీటర్లే, బడులు మూడే. డెబ్బై ఏళ్ళు దాటినవాళ్ళు ఆ కాలాన్నీ చూశారు, ఈ కాలాన్నీ చూశారు. వాళ్ళ దగ్గర కూర్చుని అడుగు. మన రిజర్వు బ్యాంకు ముద్రించిన రూపాయలు 1970 దాకా అక్కడి బజార్లలో నడిచాయి. ఆ రూపాయలతో ఏమేం కొన్నారో చెప్పమంటే వాళ్ళ ముఖం వెలిగిపోతుంది. మబ్సలీ రకం ఖర్జూరం గురించి కూడా అడుగు. దాన్ని పచ్చిగా ఉండగానే కోసి, పెద్ద గంగాళాల్లో ఉడకబెట్టి, ఎండలో ఆరబెడతారు. తరతరాలుగా అది ఓడల మీద మన దేశానికి వస్తోంది. ఎండు ఖర్జూరం తింటూ పెరిగినదానివి, ఆ పని జరిగేటప్పుడు వెళ్ళి చూడాలి నువ్వు. జూన్ చివర్లోనో జూలైలోనో జరుగుతుంది. ఎండ భయంకరంగా ఉంటుంది, తెల్లవారుజామున వెళ్ళు.

ఎవరింటికైనా వెళ్తే తొందరపడకు. పలకరింపే చాలాసేపు సాగుతుంది. నీ ఆరోగ్యం, ఇంట్లోవాళ్ళ ఆరోగ్యం, వార్తలు, అన్నీ వరసగా అడుగుతారు, నువ్వూ అలాగే అడగాలి. తర్వాత ఖర్జూరాలు, కహ్వా అనే అరబ్బీ కాఫీ వస్తాయి. కహ్వాలో పాలూ చక్కెరా ఉండవు, యాలకుల వాసన ఘుమఘుమలాడుతుంది. చిన్న కప్పులో కొంచెమే పోస్తారు, కుడి చేత్తో అందుకో. చాలనుకున్నప్పుడు కప్పుని కొద్దిగా అటూ ఇటూ ఊపి ఇవ్వాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు. కింద కూర్చున్నప్పుడు అరికాళ్ళు ఎవరి వైపూ చాపకు. మాంసం తినని సంగతి ముందే చెప్పు. పెద్ద పళ్ళెం వచ్చాక చెప్తే ఆ ఇల్లాలు ఎంతో నొచ్చుకుంటుంది. వెళ్ళేటప్పుడు పళ్ళో స్వీట్లో పట్టుకెళ్ళు, డబ్బు మాత్రం ఇవ్వబోకు. ఈ ఆదరణ గురించి రాసేటప్పుడు దాని వెనక ఉన్న కారణం కూడా రాయి. తర్వాతి బావి ఒక రోజు నడకంత దూరంలో ఉన్న చోట వచ్చినవాణ్ణి కాదంటే వాడి ప్రాణానికే ప్రమాదం. రేపు తనకీ అదే అవసరం రావచ్చు. మూడు రోజులు అతిథిని చూసుకోవాలనే పద్ధతి అలా నిలబడింది.

నువ్వు ఆడపిల్లవి కావడం అక్కడ నీకు పెద్ద కలిసొచ్చే విషయం. మగవాళ్ళు రాసిన యాత్రల్లో సగం ఇల్లు ఉండదు, ఎందుకంటే వాళ్ళని లోపలికి రానివ్వరు. ఇబ్రాలో బుధవారం పొద్దున ఆడవాళ్ళ సంత జరుగుతుంది. అమ్మేదీ ఆడవాళ్ళే, కొనేదీ ఆడవాళ్ళే. బట్టలు, బుఖూర్ ధూపం, గోరింట, అత్తర్లు. బదూ పెద్దామెలు ముఖానికి గట్టి ముసుగు కట్టుకుని కూర్చుంటారు. బేరం ఆడటంలో వాళ్ళని మించినవాళ్ళు లేరు. సెలవు దొరికిన ప్రతి బుధవారం వెళ్ళు. మొదట్లో కెమెరా తీయకు, నోటుపుస్తకం కూడా తీయకు. ఏదైనా కొను, మాట్లాడు. అరబ్బీ నాలుగు ముక్కలు వచ్చినా చాలు, మిగతాది వాళ్ళే నేర్పుతారు. ఫొటో కావాలంటే నోరు తెరిచి అడుగు. వద్దంటే వద్దనే.

ఇంకో మాట గట్టిగా చెప్తున్నాను. ఆస్పత్రిలో చూసింది, విన్నది, పేరు మార్చి కూడా రాయకు. ఇబ్రా చిన్న ఊరు, ఊరి పేరు, జబ్బు రాస్తే చాలు, ఎవరో తెలిసిపోతుంది. నమ్మి చెప్పుకున్నది నీ రాతకి సరుకు కాకూడదు. పైగా ఒకరి పరువు తీసేలా ఇంటర్నెట్‌లో ఏదైనా పెడితే అక్కడి చట్టం చాలా కఠినంగా ఉంటుంది.

నీకు దారి చూపినవాళ్ళ పేరు మాత్రం, వాళ్ళు ఒప్పుకుంటే, తప్పకుండా రాయి. 1930 డిసెంబరులో బెర్‌ట్రామ్ థామస్ అనే బ్రిటిష్ అధికారి సలాలా వైపు నుంచి బయల్దేరి, 1931 ఫిబ్రవరిలో దోహా చేరాడు. రుబ్ అల్ ఖాలీ అనే మహా ఇసుక ఎడారిని దాటిన మొదటి యూరోపియన్ అని అందరూ ఆయన్నే చెప్పుకుంటారు. దాటించింది రషీద్ తెగవాళ్ళు. ముందు నడిచినవాడు సాలిహ్ బిన్ కలూత్. ఆ పేరు ఎంతమందికి తెలుసు?

అక్కడ ఉండే మనవాళ్ళని కూడా మరిచిపోకు. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ నుంచి గల్ఫ్‌కి వెళ్ళినవాళ్ళు ఎంతోమంది. ఒంటెల్నీ మేకల్నీ ఇప్పుడు చాలా చోట్ల మన దేశం నుంచో, బంగ్లాదేశ్ నుంచో వచ్చినవాళ్ళే కాస్తున్నారు. ఎడారి గురించి రాస్తూ వాళ్ళని వదిలేస్తే అది సగం రాతే. అయితే వాళ్ళ యజమాని పేరూ, పనిచేసే చోటూ రాసి వాళ్ళ ఉద్యోగానికి ఎసరు పెట్టకు. నీ పాస్‌పోర్టు నీ దగ్గరే ఉంచుకో. యజమాని దాన్ని అట్టిపెట్టుకోవడం అక్కడ నిబంధనలకు విరుద్ధం.

ఫలజ్, అంటే అక్కడి పాతకాలపు సాగునీటి కాలువ, చూడాలంటే నిజ్వా ఊరికి వెళ్ళు. యునెస్కో 2006లో గుర్తించిన ఐదు ఫలజ్‌లలో ఒకటైన దారిస్ అక్కడే ఉంది. భూగర్భంలోంచి తెచ్చిన నీళ్ళని మన నీరటికాడిలాగే ఒక మనిషి వంతుల ప్రకారం తోటలకి పంచుతాడు. పాత రోజుల్లో పగలు నీడని బట్టి, రాత్రి చుక్కల్ని బట్టి వంతు లెక్క పెట్టేవాళ్ళు. ఆ పంపకం గురించి నువ్వు ఒక పెద్ద వ్యాసమే రాయొచ్చు.

ఇసుకలోకి ఒక్క బండితో పోవద్దు. టైర్లలో గాలి తగ్గించడం తెలిసిన డ్రైవరు ఉండాలి, నీళ్ళు అవసరానికి మించి ఉండాలి, ఎక్కడికి వెళ్తున్నావో ఊళ్ళో ఎవరికైనా చెప్పి వెళ్ళు. బండి కూరుకుపోతే దాన్ని వదిలి నడవకు. కొండల్లో వాన పడితే ఎండిన వాగు నిమిషాల్లో పొంగుతుంది. పారే వాగుని బండితో దాటదామని ఎవరన్నా నువ్వు ఎక్కకు. రంజాన్‌లో పగలు బయట తినడం, తాగడం వద్దు, నీళ్ళు కూడా.

పప్పులూ పొడులూ ఎక్కువ మోసుకెళ్ళకు, మలయాళీల కొట్లలో అన్నీ దొరుకుతాయి. గోంగూర పచ్చడి మాత్రం రెండు సీసాలు పెట్టుకో. మందులు తీసుకెళ్తే డాక్టరు చీటీ జత చెయ్యి. నువ్వు రాసిన మొదటిది నాకు పంపు, చదివి చెప్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ