హంతకుడి పేరు చెప్పకుండా గంటసేపు

అమ్మాయీ,

ఆశీస్సులు. మీ లైబ్రరీ వాళ్లు నెలకో క్రైమ్ రచయితను పిలిచి పాఠకులతో మాట్లాడిస్తారని, ఆ బాధ్యత నీ నెత్తిన పెట్టారని రాశావు. అచ్చయింది రెండే కథలు, పేరున్న నవలాకారుల పక్కన కూర్చుని ఏం అడగను అని నీ టెన్షన్. అడగడానికి నవలలు రాసి ఉండక్కర్లేదు. వాళ్ల పుస్తకం ఒకటి రెండుసార్లు చదివి ఉంటే చాలు. మొదటిసారి అందరిలాగే మోసపోతూ చదువు. రెండోసారి ఎక్కడ మోసపోయావో పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ చదువు. నీ ప్రశ్నలన్నీ ఆ గీతల దగ్గరే దొరుకుతాయి.

మామూలు సాహిత్య సభకీ దీనికీ పెద్ద తేడా ఉంది. కవి వస్తే కవిత మొత్తం చదివించవచ్చు. కుటుంబ నవల రాసినాయన వస్తే ముగింపు మీద చర్చ పెట్టవచ్చు. క్రైమ్ నవల ముగింపు ఎవరి నోరైనా జారి బయటపడిందా, ఇంకా చదవనివాళ్లకు ఇక ఆ పుస్తకం లేనట్టే. వచ్చేవాళ్లలో ఎక్కువమంది చదవనివాళ్లే ఉంటారు. చదవాలా వద్దా తేల్చుకోవడానికే వస్తారు. అందుకని ఆ గంటసేపు నువ్వు వాళ్ల తరఫు మనిషివి. రచయిత సంగతి రచయితే చూసుకుంటాడు.

కథ గురించి ఎంతవరకు చెప్పొచ్చన్న అనుమానం వస్తే పుస్తకం తిప్పి వెనక అట్ట చూడు. అక్కడ అచ్చువేసిందంతా చెప్పొచ్చు, అది దాటితే రచయితను అడిగి చెప్పు. ముందురోజే ఆయనకు ఫోన్ చేసి ఏ మలుపు గురించి మాట్లాడకూడదో కనుక్కో. కొందరికి హంతకుడి పేరు కన్నా నడిమధ్యలో వచ్చే రెండో చావు ముఖ్యం, దాన్ని కాపాడమంటారు. పరిచయం రెండు నిమిషాలు దాటనీయకు. అవార్డుల చిట్టా చదివేవాళ్లంటే నాకు మహా చిరాకు.

ఇక ప్రశ్నలు. ‘మీకు ఐడియాలు ఎలా వస్తాయి’ అని మాత్రం అడగకు, అది ఎలాగూ జనంలోంచి వస్తుంది. నువ్వు పనితనం గురించి అడుగు. రాయడం మొదలుపెట్టినప్పుడే హంతకుడెవరో తెలుసా, మధ్యలో మార్చారా? ఫలానా క్లూ మొదట ఏ అధ్యాయంలో ఉండేది? దాన్ని కనబడకుండా ఎలా పెట్టారు?

ఈ చివరి ప్రశ్న ఎందుకంటున్నానో చెబుతాను. డిటెక్టివ్ చనిపోయినాయన సొరుగు తెరిచాడనుకో. అందులో కళ్లజోడు, రెండు తాళంచెవులు, నలిగిన బస్సు టికెట్టు, మూత పోయిన పెన్ను, పాత ఫొటో. కథంతా ఆ బస్సు టికెట్టు మీదే నిలబడి ఉంది. రచయిత దాన్ని మొదటా పెట్టలేదు, చివరా పెట్టలేదు, ఎందుకంటే జాబితాలో ఆ రెండు చోట్లే చదివేవాళ్లకు గుర్తుంటాయి. పైగా జాబితా ముగిసీ ముగియగానే బయట కుక్క మొరిగింది, డిటెక్టివ్ కిటికీ దగ్గరికి నడిచాడు. పాఠకుడు కూడా వెంట నడిచాడు, టికెట్టు సొరుగులోనే ఉండిపోయింది. ఇలాంటిది రచయిత చేత చెప్పించగలిగితే హాల్లో ఎవరూ ఫోన్ తీయరు. కథ గుట్టూ బయటపడదు, ఎందుకంటే ఈ పనితనాన్ని పాత నవలలోంచో, రాసి కొట్టేసిన అధ్యాయంలోంచో కూడా చూపించవచ్చు. ఆ వెసులుబాటు ఆయనకు నువ్వే ఇవ్వాలి.

మాట ఎక్కడైనా చప్పబడితే పనికొచ్చేది ఒకటి చెబుతాను. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే మతగురువు డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. ఆయనా డిటెక్టివ్ కథలు రాసినవాడే. డిటెక్టివ్‌కు దొరికిన క్లూ పాఠకుడికీ చూపించాలి. డిటెక్టివే నేరం చేయకూడదు. రహస్యపు గదో దారో ఒకటికి మించి ఉండకూడదు. ముందుగా సిద్ధం చేయకుండా కవలల్ని దించకూడదు. మరుసటి ఏడాది లండన్‌లో ఇలాంటి రచయితలే కొందరు కలిసి డిటెక్షన్ క్లబ్ అనే సంఘం పెట్టి, ఫాదర్ బ్రౌన్ డిటెక్టివ్ కథలు రాసిన జి.కె. చెస్టర్టన్‌ను మొదటి అధ్యక్షుణ్ణి చేసి, కొత్త సభ్యుల చేత నిజాయితీగా రాస్తామని సరదాగా ప్రమాణం కూడా చేయించేవాళ్లు. ఈ నియమాల్లో మూడు నాలుగు చదివి, వీటిలో మీరు ఏది తప్పారు అని అడిగి చూడు. ఎంత ముభావంగా ఉండే రచయితైనా అక్కడ వాదనకు దిగుతాడు.

ఏ పేజీ చదవాలో రచయితకే వదిలేయకు. చాలామంది తమకు ఇష్టమైన వర్ణన ఎంచుకుంటారు, అది విన్నవాళ్లకు నిద్ర తెప్పిస్తుంది. పుస్తకం మొదటి పావు భాగంలోంచి, ఇద్దరే మాట్లాడుకునే చోటు చూసి, రెండు మూడు పేజీలు చదవమను. ఆరుగురి పేర్లు చెవిన పడితే ఎవరు ఎవరో ఎవరికీ గుర్తుండదు.

పాఠకుల ప్రశ్నల దగ్గరే అసలు ప్రమాదం. ‘చివర్లో ఆ బావమరిదే చంపాడు కదా, మరి...’ అంటూ ఒక పెద్దమనిషి లేస్తాడు. ఆయన చెడ్డవాడు కాడు, ఉత్సాహం ఎక్కువ. దీనికి మూడు జాగ్రత్తలు. ప్రశ్నలు చీటీల మీద రాయించుకుని నువ్వే చదువు. చీటీలు కుదరక మైకు తిప్పాల్సి వస్తే, ప్రతి ప్రశ్నా నీ మాటల్లో మళ్లీ చెప్పు. వెనక కూర్చున్నవాళ్లకు వినబడుతుంది, ముల్లు ఉంటే తీసేయడానికి నీకూ వీలవుతుంది. మూడోది నాకు బాగా ఇష్టం. చివరి పది నిమిషాలు చదివినవాళ్ల కోసం అని ముందే ప్రకటించు. ఆ సమయానికి చదవనివాళ్లు బీరువాల వైపు వెళ్లిపోవచ్చు, ఉన్నవాళ్లు ముగింపు గురించి తనివితీరా పోట్లాడుకోవచ్చు. నువ్వు మాత్రం ఆ పది నిమిషాలు నోట్సు పుస్తకం తెరిచి పెట్టుకో. పాఠకులు ఎక్కడ నమ్మలేదో, ఎక్కడ ముందే పసిగట్టారో వాళ్ల నోటితోనే వింటావు. కథలు రాసేదానివి, ఇంతకన్నా మంచి బడి నీకు దొరకదు.

ఒక్క చోట నువ్వు గట్టిగా ఉండాలి. ‘ఈ కథ ఫలానా కేసు చూసి రాశారా’ అని అడుగుతారు. కేసు కోర్టులో ఉండవచ్చు, ఆ కుటుంబం వాళ్లే మూడో వరుసలో కూర్చుని ఉండవచ్చు. నిజం కేసుల గురించి ఇక్కడ మాట్లాడం అని మొదట్లోనే చెప్పేస్తే, మధ్యలో ఎవర్నీ ఆపి నొప్పించాల్సిన అవసరం రాదు. విషం ఎంత మోతాదు వేస్తే ఏమవుతుందన్న వివరాలకూ అదే మాట. పిల్లల విభాగం పక్కనే ఉంటే మైకు శబ్దం తగ్గించడమో వేళ మార్చడమో చేయండి, శవపరీక్ష గురించి వాళ్లు వినక్కర్లేదు.

మిగతావి లైబ్రేరియన్‌తో కూర్చుంటే తేలిపోతాయి. ఏ క్రైమ్ నవలలకు రిజర్వేషన్లు ఎక్కువున్నాయో అడిగి, ఆ రచయితల్నే ముందు పిలవండి. పుస్తకాల పేర్లు మాత్రమే అడుగు, ఎవరు తీసుకెళ్లారన్నది వాళ్లు చెప్పరు, చెప్పకూడదు. ఆ నవల కాపీలు నాలుగైదు సభకు మూడు వారాల ముందే చేతులు మారేలా చూడండి. పుస్తకాలు అమ్మడానికి అనుమతి ఉందో లేదో ముందే కనుక్కో. కుర్చీలు తక్కువ వేయించు, చాలకపోతే తెచ్చుకోవచ్చు. ఎనిమిది మందే వస్తే మైకు పక్కన పెట్టి గుండ్రంగా కూర్చోండి. అలాంటి సభల్లోనే రచయితలు మనసు విప్పి మాట్లాడతారు.

రచయితకు ఎంతో కొంత ఇప్పించు. పాఠకుడు పుస్తకం తీసుకెళ్లినందుకు రచయితకు ప్రభుత్వం డబ్బు ఇచ్చే పద్ధతి డెన్మార్క్‌లో 1946లోనే మొదలైంది, బ్రిటన్ 1979లో చట్టం చేసింది. అది లేని దేశాలే ఎక్కువ. దారిఖర్చులు కూడా పెట్టుకుని రమ్మనడం నాకు సబబుగా తోచదు.

బల్ల మీద రచయిత పుస్తకాలతో పాటు లైబ్రరీలోవే మరికొన్ని పెట్టించు. విషయానికో అంకె ఇచ్చి పుస్తకాలు సర్దే డ్యూయీ పద్ధతి మీ లైబ్రరీలో ఉంటే 363.25 దగ్గర నేర పరిశోధన, 614.1 దగ్గర ఫోరెన్సిక్ మెడిసిన్, 615.9 దగ్గర విషాల గురించి ఉంటాయి. అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేసింది, ఆవిడ నవలల్లో విషాలు అంత నమ్మకంగా ఉండటానికి ఆ అనుభవమే కారణం. నవల కోసం వచ్చినవాళ్లు ఇలాంటి పుస్తకం ఒకటి చంకన పెట్టుకుని వెళితే లైబ్రేరియన్ నిన్ను మళ్లీ పిలుస్తుంది.

చివర్లో అడిగావు, నీ నవల రాతప్రతి ఆ రచయితలకు చూపించవచ్చా అని. సభ రోజు వద్దు. సంచిలో కూడా పెట్టుకోకు, చేయి ఊరుకోదు. వారం ఆగి, వచ్చినందుకు కృతజ్ఞతలు చెబుతూ మెయిల్ రాయి. మొదటి అధ్యాయం పంపవచ్చా అని ఒక్క వాక్యంలో అడుగు. ఒప్పుకుంటే ఆ అధ్యాయమే పంపు, మొత్తం పంపకు. జవాబు రాకపోతే మళ్లీ గుర్తు చేయకు. ఈలోగా ఆ అధ్యాయం నాకు పంపు, చదివి ఎక్కడ పసిగట్టానో రాస్తాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి