వచ్చినవి 9, నాన్నకు చెప్పినవి 24

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదివాను. లెక్కలు 2బి పేపర్లో 75కు 75 వచ్చాయి. ఇప్పుడు ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం, రెండో సెమిస్టర్. కాలిక్యులస్ మొదటి మిడ్‌లో, అంటే సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షలో, 30కి 9 వచ్చాయి. ఆటోనగర్‌లో లేత్ మీద పనిచేసే మా నాన్నకు మాత్రం 24 అని చెప్పాను. ఆయన ఆ సంగతి బాబాయికీ, షెడ్డులో తోటివాళ్లకూ చెప్పుకుని మురిసిపోయారు. తరగతిలో అర్థం కాకపోయినా తల ఊపుతున్నాను. తలుపు వేసుకుని రాత్రి రెండింటి దాకా కూర్చున్నా ఒక్క లెక్కా సాగడం లేదు, పడుకున్నా నిద్ర పట్టడం లేదు. ఐదు వారాల్లో రెండో మిడ్ ఉంది. మానేసి వేరే డిగ్రీలో చేరిపోదామనిపిస్తోంది. నాన్నకు ఏ ముఖం పెట్టుకుని చెప్పను? నా జవాబు పత్రం కూడా పంపుతున్నాను.

జవాబు: ముందుగా మీ జవాబు పత్రాన్నే చూశానమ్మా. కౌన్సెలింగ్ వైపు రాకముందు కొన్నేళ్లు డిగ్రీ విద్యార్థులకు గణితం చెప్పినదాన్ని కాబట్టి, ఆ కాగితాలు మీ ఉత్తరం కన్నా ఎక్కువ సంగతులే చెప్పాయి. అందులో కూడికల పొరపాటు గాని, గుర్తుల పొరపాటు గాని నాకు ఒక్కటి కూడా కనిపించలేదు. అవకలనం (డిఫరెన్షియేషన్) చేయవలసిన ప్రతిచోటా సరిగ్గానే చేశారు. మార్కులు చాలావరకు ఒకే రకమైన చోట, అంటే ఏ పద్ధతి వాడాలో మీరే నిర్ణయించుకోవలసిన చోట పోయాయి.

రెండో ప్రశ్నలో ఎక్స్‌ను ఈ (e) పవర్ ఎక్స్ స్క్వేర్‌తో గుణించి సమాకలనం (ఇంటిగ్రేషన్) చేయమన్నారు. మీరు విభాగ సమాకలనం (ఇంటిగ్రేషన్ బై పార్ట్స్) మొదలుపెట్టి ఒకటిన్నర పేజీ రాసి కొట్టివేశారు. ఎక్స్ స్క్వేర్‌ను టి అనుకుని ఉంటే ఆ లెక్క రెండు వరుసల్లో ముగిసేది, ఎందుకంటే బయట ఉన్న ఎక్స్ సరిగ్గా ఆ ఎక్స్ స్క్వేర్ అవకలనంలోంచి వచ్చినదే. దాని కిందనే, ఎక్స్‌ను ఉత్త ఈ పవర్ ఎక్స్‌తో గుణించిన లెక్కలో మాత్రం విభాగ సమాకలనమే కావాలి, అక్కడ మీరు ఒక రాశికి బదులు మరో అక్షరం పెట్టే ప్రతిక్షేపణకు ప్రయత్నించారు. చూపుకు కవలల్లా ఉన్న రెండు లెక్కల పద్ధతులు తారుమారైనాయి, అంతే. ఇక ఆ ఎక్స్‌ను తీసివేసి ఈ పవర్ ఎక్స్ స్క్వేర్‌ను ఒంటరిగా ఇచ్చి ఉంటే, మనకు తెలిసిన ప్రమేయాలతో దానికి జవాబు రాయడం ఎవరివల్లా కాదు. అలాంటి జవాబు ఎప్పుడు సాధ్యమో, ఎప్పుడు అసాధ్యమో తేల్చే సిద్ధాంతాన్ని లియూవిల్ అనే ఫ్రెంచి గణితవేత్త 1830లలోనే రూపొందించాడు. అవకలనానికి వరుసగా పాటించే నియమాలున్నాయి, సమాకలనానికి అటువంటి ఒకే దారి లేదు. ఇంటర్లో అభ్యాసం పేరే పద్ధతిని చెప్పేసేది, పాక్షిక భిన్నాల అభ్యాసంలో పాక్షిక భిన్నాలే వాడేవారు. ఇప్పుడు ఆ శీర్షిక తొలగిపోయింది, కాబట్టి 75కు 75 తెచ్చుకున్న అమ్మాయి 9 దగ్గర ఆగిపోవడంలో మీ తెలివి తరిగిందనడానికి ఆధారం లేదు.

ఐదో ప్రశ్నను గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడ ఎర్ర సిరాతో పెట్టిన సున్నా మిమ్మల్ని బాగా బాధించి ఉంటుంది. ఒకటి, అర, మూడో వంతు, నాలుగో వంతు అంటూ సాగే శ్రేణిలో పదాలు సున్నాకు చేరుతున్నాయి కాబట్టి మొత్తం కూడా ఒకచోట స్థిరపడుతుందని మీరు రాశారు. మనిషి మనసుకు సహజంగా తోచే ఊహ అదే. కాని మూడో వంతునూ నాలుగో వంతునూ కలిపితే అర దాటుతుంది, తరువాతి నాలుగు పదాలు కలిపితే మళ్లీ అర దాటుతుంది, ఆ తరువాత ఎనిమిది, ఆ పైన పదహారు, ఇలా ఎంత దూరం పోయినా ఇంకొక అర దొరుకుతూనే ఉంటుంది కాబట్టి ఆ మొత్తానికి హద్దు ఉండదు. పెరుగుదల మాత్రం ఎంత నెమ్మదంటే, మొత్తం 10 దాటడానికి 12,367 పదాలు కావాలి. పద్నాలుగో శతాబ్దంలో ఓరెమ్ అనే పండితుడు ఈ జతల ఉపాయంతోనే దీన్ని నిరూపించాడు. దీన్ని మీ అమ్మగారికి తెలుగులో చెప్పి చూడండి, ఆవిడకు అర్థమయ్యేలా చెప్పగలిగితే పరీక్షలోనూ రాయగలుగుతారు.

తెలుగు మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెబుతాను. మొత్తం ఒకచోట స్థిరపడడాన్ని, అంటే మీరు అభిసరణం అని నేర్చుకోవలసినదాన్ని, తరగతిలో కన్వర్జెన్స్ అని విని, ఆ మాట అర్థమయ్యేలోపు బోర్డు తుడిచివేయడం చూసి, తల ఊపి ఊరుకుంటున్నారు. ఆలోచన తెలుగులోనే సాగనివ్వండి. రాసేది ఇంగ్లీషులో రాస్తే చాలు.

ఈ ఐదు వారాలకు నేను చెప్పే పని చిన్నది. వేర్వేరు అభ్యాసాల నుంచి ఇరవై లెక్కలను చీటీల మీద రాసుకుని, కలిపివేసి, ఒక్కొక్కటే తీసి, సాధించకుండా, దీనికి ఏ పద్ధతి, ఎందుకు ఆ పద్ధతి అన్నది మాత్రం పైకి చెప్పండి. రోజూ పావుగంట చాలు. ఆ తరువాత వాటిలో నాలుగింటిని మాత్రమే పూర్తిగా చేయండి. ఒకే రకం లెక్కలు యాభై చేసినప్పుడు కలిగే ధైర్యం ఇందులో మొదటి వారం కలగదు, తప్పులు ఎక్కువగానే వస్తాయి, అయినా వదలవద్దు.

అయితే ఈ చీటీల పని ఒంటరిగా చేయవద్దని కూడా చెబుతున్నాను. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది మార్కులు కావు, తలుపు వేసుకుని రాత్రి రెండింటి దాకా కూర్చుంటున్నానన్న మాట. 1970లలో అమెరికాలోని బర్కిలీలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న యూరీ ట్రీస్మన్ అక్కడి నల్లజాతి విద్యార్థులు ఎందరో కాలిక్యులస్‌లో ఎందుకు తప్పుతున్నారో తెలుసుకోవాలని, వారితో పాటు చైనా మూలాలున్న విద్యార్థులు కూడా ఎలా చదువుతున్నారో దగ్గరగా ఉండి గమనించారు. శ్రద్ధ చాలదనీ, ఇంట్లో ప్రోత్సాహం లేదనీ అధ్యాపకులు ఊహించిన కారణాలు నిలబడలేదు. తప్పుతున్నవారు కష్టపడి చదివేవారే, కాని ఒక్కొక్కరూ విడివిడిగా చదివేవారు. చైనా మూలాల విద్యార్థులు మొదట ఎవరి లెక్కలు వారు చేసుకుని, తరువాత కలిసి కూర్చుని ఒకరి జవాబు ఒకరు సరిచూసుకునేవారు, కాబట్టి అందరికీ రాని లెక్క ఏదో, తనకొక్కరికే రానిది ఏదో వారికి తెలిసేది. ఆయన ఆ తరువాత విద్యార్థులను గుంపులుగా కూర్చోబెట్టి, తేలిక లెక్కలు కాక మామూలు కన్నా కఠినమైనవే ఇచ్చి కలిసి చేయించారు, ఫలితాలు ఎంతో మెరుగుపడ్డాయి.

తరగతిలో తల ఊపుతున్నది మీరొక్కరే అని మీరు అనుకుంటున్నారు. తరగతి గదిలో చాలా కాలం బోర్డు వైపు నుంచి చూసినదాన్ని, అలా ఊగే తలలు ఎన్నో ఉంటాయి. మీ తరగతిలోనే ఇద్దరు తోటి విద్యార్థినులతో, ఐదో ప్రశ్నలో నాకు సున్నా వచ్చింది, మీరేం రాశారు అని ఒక్కసారి అడగండి. కళాశాల అయ్యాక గ్రంథాలయంలో ఒక గంట, ఆదివారాల్లో వీలుంటే ద్వారకానగర్ పౌర గ్రంథాలయం దగ్గర కలుసుకోండి. అధ్యాపకుని దగ్గరకు వెళ్లినప్పుడు నాకేమీ అర్థం కావడం లేదండీ అనవద్దు, దానికి ఏ అధ్యాపకుడైనా వెంటనే జవాబు చెప్పలేడు. మూడో వరుస దాకా వచ్చాను, ఇక్కడి నుంచి ఎటు వెళ్లాలో తోచడం లేదు అని కాగితం చూపించండి.

రాత్రి పదకొండు దాటాక పుస్తకం మూసివేయండి. నిద్ర లేని తల పద్ధతిని ఎంచుకునే పనికి అసలు పనికిరాదు, మీ పత్రంలోని కొట్టివేతలే అందుకు సాక్ష్యం. ఇలా చేసినా రెండు వారాల్లో నిద్ర కుదుటపడకపోయినా, బతుకు మీద విసుగు పుట్టే ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఆలస్యం చేయకుండా 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ, డబ్బు కట్టనవసరం లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. చదువు మానడం గురించి ఇప్పుడు నిర్ణయించవద్దు. మిడ్ మార్కులను చివరి ఫలితంలో ఎలా కలుపుతారో కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. పేపరు తప్పినా సప్లిమెంటరీ ఉంటుంది, ఒక పేపరు పోవడం వేరు, చదువే పోవడం వేరు.

ఇక నాన్నగారి సంగతి. మీరు అబద్ధం చెప్పింది ఆయనను మోసగించడానికి కాదని నాకు తెలుసు, ఆయన ముఖం చిన్నబోవడం చూడలేక చెప్పారు. అయినా ఆ 24 అనే అంకె ఇప్పుడు షెడ్డులో, బాబాయి ఇంట్లో తిరుగుతోంది, ఆలస్యమైనకొద్దీ అది మీ ఒక్కరి అబద్ధంగా ఉండదు, తెలియకుండానే ఆయన చేత పదిమందిలో పలికించిన అబద్ధం అవుతుంది. అసలు సంగతి ఆయన వేరొకరి నోట వినే పరిస్థితి తేవద్దు. ఈ ఆదివారం, ఆయన భోజనం చేసి తీరికగా కూర్చున్నప్పుడు, అమ్మ కూడా దగ్గర ఉండగా, నాన్నా, నాకు వచ్చినవి తొమ్మిదే, భయపడి మీకు ఇరవై నాలుగని చెప్పాను అని మొదటి మాటలోనే చెప్పండి. కళాశాల మీద, ఇంగ్లీషు మీద, అధ్యాపకుల మీద నెపాలతో మొదలుపెట్టవద్దు. ఆయన కోప్పడవచ్చు, లేదా ఏమీ మాట్లాడకుండా లేచి బయటకు వెళ్లిపోవచ్చు. వెళ్లనివ్వండి, వెంటపడి బతిమాలవద్దు. లేత్ మీద పనిచేసే మనిషికి కొలత తప్పిన జాబ్, అంటే మెషిన్ మీద తీసిన ముక్క, ఎలా ఉంటుందో బాగా తెలుసు. కొలత ఎంత తప్పిందో దాచకుండా చెప్పిన కుర్రవాడినీ, దాచి మెషిన్ నడిపిన కుర్రవాడినీ ఆయన ఒకేలా చూడరని నా నమ్మకం.

ఆయన మనసు కొంత కుదుటపడ్డాక, మరునాడు గాని ఆ మరునాడు గాని, ఒక లెక్క పట్టుకుని ఆయన దగ్గర కూర్చోండి. మీ సిలబస్‌లో పరిభ్రమణ ఘనాల ఘనపరిమాణం, అంటే ఒక గీతను అక్షం చుట్టూ తిప్పితే ఏర్పడే ఆకారాల ఘనపరిమాణం, అనే భాగం ఉండే ఉంటుంది, మీ నాన్నగారు రోజూ చక్‌లో బిగించి తిప్పి తీస్తున్నవి ఆ ఘనాలే. 50 మిల్లీమీటర్ల వ్యాసమున్న మైల్డ్ స్టీల్ కడ్డీని 100 మిల్లీమీటర్ల పొడవులో, ఆ చివర వ్యాసం 30 మిల్లీమీటర్లకు వచ్చేలా టేపర్ తీస్తే మిగిలే ముక్క బరువెంత? వ్యాసార్ధం 25 నుంచి ఎక్స్‌లో పదో వంతు చొప్పున తగ్గుతుంది, దాని వర్గాన్ని 0 నుంచి 100 వరకు సమాకలనం చేసి పై (π)తో గుణిస్తే సుమారు 128 ఘన సెంటీమీటర్లు వస్తుంది. ఘన సెంటీమీటరుకు 7.85 గ్రాముల చొప్పున అది దాదాపు ఒక కిలో. కడ్డీ మొత్తం బరువు సుమారు 1,540 గ్రాములు కాబట్టి, అర కిలోకు కొంచెం పైన ఇనుప రజనుగా రాలిపోతుంది. మీరు కాగితం మీద లెక్క కట్టండి, ముక్క తీయడం వీలైతే ఆయన తీసి తూకం వేస్తారు. మీ అంకెకూ తక్కెడకూ తేడా వస్తే ఎక్కడ వచ్చిందో ఇద్దరూ వెతకండి. కాని మార్కుల సంగతి చెప్పకముందు మాత్రం ఈ కడ్డీ ప్రస్తావన తేవద్దు.