బోల్టు మర ముందే పోయి ఉంటే ఆ రోజే ఎందుకు చెప్పలేదు?

ప్రశ్న: మాది చీపురుపల్లి. ఉన్న ఒక్క కారును నేనే నడుపుతూ కిరాయిలకు తిప్పుకుంటున్నాను. గత నెల శ్రీకాకుళంలోని ఒక మెకానిక్ షెడ్డులో ఇంజిన్ ఆయిల్ మార్పించి 3,400 రూపాయలు కట్టాను. మర్నాటి నుంచే బండి కింద ఆయిల్ చుక్కలు పడుతున్నాయి. తిరిగి చూపిస్తే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ బోల్టుకు తెల్ల టేపు చుట్టి బిగించి పంపేశారు. తొమ్మిదో రోజున అరసవల్లి నుంచి భక్తులను తీసుకువస్తుండగా చిలకపాలెం దాటాక ఆయిల్ లైటు వెలిగింది. ఇంకో రెండు కిలోమీటర్లు పోయి ఆపి చూస్తే బోల్టు చేతికే ఊడి వచ్చింది. కారును అదే షెడ్డుకు లాగించుకెళ్లాను. ‘బోల్టు బిగిసే మర ముందే పోయి ఉంది, మా తప్పు లేదు’ అంటున్నారు. కొత్త చాంబర్‌కు 18,500 అడుగుతున్నారు. నిరుటి టైర్ల బాకీ 6,000 తీరిస్తేనే బండి వదులుతారట. పసుపు నంబరు ప్లేటు బండికి వినియోగదారుల కేసు చెల్లదని కూడా చెప్పారు. నాకు దారేది?

జవాబు: ముందు ఒక్క మాట చెప్పండి, ఆ బోల్టు ఎక్కడ ఉంది? మీ దగ్గరే ఉంటే ఒక కవరులో వేసి, తేదీ రాసి భద్రపరచండి. తుడవకండి, కడగకండి. చాలా కార్లలో చాంబర్ అల్యూమినియంది, బోల్టు ఉక్కుది. అతిగా బిగించినా, వంకరగా ఎక్కించినా మెత్తటి అల్యూమినియమే ఓడిపోతుంది. చాంబర్ లోపలి మరలు తెగి, సన్నటి వెండి తీగ చుట్టలాగా బోల్టు గాడుల్లో ఇరుక్కుని వస్తాయి. మీ బోల్టుకు అలాంటి తీగ, దానిపై టేపు ముక్కలు ఉంటే మీ కేసులో అంతకంటే గట్టి సాక్షి మరొకటి ఉండదు. బోల్టు షెడ్డులోనే ఉండిపోయి ఉంటే ఈరోజే వెళ్లి అడగండి. ఇవ్వకపోతే కనీసం దగ్గరనుంచి ఫోటోలు తీయండి. ఆ ఫోనును కేసు ముగిసేవరకు మార్చకండి.

ఇక వారి వాదన. ‘ముందే పోయి ఉంది’ అనడం పూర్తిగా కొట్టిపారేయదగినది కాదు. ఏళ్ల తరబడి ఎందరో విప్పి బిగించిన బోల్టు మర అరిగి ఉండవచ్చు. కానీ అరిగిన మర బోల్టు విప్పిన క్షణంలోనే మెకానిక్ చేతికి తెలుస్తుంది. తెలిసినప్పుడు యజమానిని పిలిచి చూపించాలి, చేసే పని వివరాలు రాసే జాబ్ కార్డులో రాయాలి. వారు ఆ పని చేయకుండా ఆయిల్ నింపి డబ్బు తీసుకున్నారు. రెండోసారి చుక్కలు పడుతున్నాయని మీరే చెబితే టేపు చుట్టి పంపారు. తెగిన మరకు టేపు పట్టు ఇవ్వదు. లోపం తెలిసి కప్పిపుచ్చారనడానికి ఆ టేపే రుజువు. నా దృష్టిలో మీ కేసు నిలబడేది మొదటి బిగింపు మీద కంటే టేపు చుట్టి పంపిన ఆ రోజు మీద.

చట్టం కూడా ఇటే ఉంది. మరమ్మతుకు అప్పగించిన బండి విషయంలో, తన సొంత వస్తువును ఒక వివేకి ఎలా చూసుకుంటాడో మెకానిక్ అంత జాగ్రత్త తీసుకోవాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ చెబుతోంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఇది సేవాలోపం. అయితే సేవాలోపాన్ని నిరూపించాల్సిన భారం మొదట ఫిర్యాదుదారుడిదే. అందుకే మరమ్మతుకు ముందే ఆ షెడ్డుతో సంబంధం లేని మెకానిక్‌తోనో, వాహన బీమా సర్వేయర్‌తోనో చాంబర్‌ను చూపించి, రాతపూర్వకంగా నివేదిక తీసుకోండి. కొత్త చాంబర్ వేశాక పాతది తుక్కులోకి పోతే మీ నోట్లో మాట తప్ప ఏమీ మిగలదు. ఇలా సాక్ష్యం చేజారిన తర్వాత నా దగ్గరకు వచ్చేవారిని చూస్తే మనసు చివుక్కుమంటుంది.

పసుపు ప్లేటు మాట తప్పు. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసం వాడుకునేవారు వినియోగదారులేనని వినియోగదారుల రక్షణ చట్టం 2(7) సెక్షన్ వివరణలో స్పష్టంగా ఉంది. ఒక్క బండిని మీరే నడుపుకుంటున్నారు కనుక మీకు అది వర్తిస్తుంది. పది కార్లు పెట్టి జీతానికి డ్రైవర్లను పెట్టుకున్నవారి సంగతి వేరు.

బండిని పట్టి ఉంచడం గురించి. చేసిన పనికి కూలి రానప్పుడు, ఆ పని చేసిన వస్తువునే పట్టి ఉంచుకునే హక్కు మెకానిక్‌కు కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ఇస్తుంది. పాత బాకీల కోసం పట్టి ఉంచే హక్కు 171వ సెక్షన్ కింద బ్యాంకర్ల వంటి కొద్దిమందికే ఉంది. ప్రత్యేక ఒప్పందం లేకపోతే మెకానిక్‌కు లేదు. కాబట్టి టైర్ల బాకీకి ఈ కారును ఆపకూడదు. ఆ 6,000 నిజంగా ఇవ్వాల్సిందే అయితే మాత్రం ఎగ్గొట్టకండి, విడిగా తీర్చి రసీదు తీసుకోండి. పోలీసు కేసు ఆలోచన ఇప్పటికి వద్దు, ఇది సివిల్ తగాదా.

ఎంత అడగాలి? కొత్త చాంబరే కావాలని పట్టుబట్టనక్కరలేదు. పోయిన మరను పెద్ద సైజుకు డ్రిల్ చేసి, ట్యాప్ కొట్టి (కొత్త మర కోసి), లోపల మర ఉన్న ఉక్కు బుష్ వేయించడం లోకమంతా ఒప్పుకున్న మరమ్మతు. చాంబర్ పగలకపోతే అది బాగా నిలుస్తుంది. చాంబర్‌ను కిందకు దించి చేయించండి, అల్యూమినియం పొట్టు శుభ్రంగా కడగవచ్చు. బండి కిందే డ్రిల్ పెడితే పొట్టు ఇంజిన్‌లో ఉండిపోయే ప్రమాదం ఉంది. ఆ ఖర్చు, బండి లాగించిన ఖర్చు, పోయిన ఆయిల్, ఆగిన రోజుల కిరాయి అడగండి. కిరాయి నష్టానికి పాత బుకింగులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు జత చేయండి. 3,400 కూడా తిరిగి కోరవచ్చు.

ఇంజిన్ నష్టం మాత్రం విప్పి చూడకుండా అడగకండి. లైటు వెలిగాక పోయిన రెండు కిలోమీటర్లు మీకు వ్యతిరేకంగా పనిచేస్తాయి. నష్టాన్ని తగ్గించుకునే అవకాశాన్ని వాడుకున్నారా అని కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద చూస్తారు. అయినా ఆ సంగతి దాచకండి. ఎదుటివారు బయటపెట్టాక ఒప్పుకుంటే మిగతా మాటలకూ విలువ పోతుంది.

స్పీడ్ పోస్టులో నోటీసు పంపి పదిహేను రోజులు గడువు ఇవ్వండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు కూడా ఫోన్ చేయవచ్చు. కొందరు ఆ దశలోనే దిగివస్తారు. రాకపోతే శ్రీకాకుళం తిరగనక్కరలేదు. మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చని వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ అంటోంది కనుక విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయండి. కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపు కనుక ఫీజు లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. నోటీసు మాత్రం ఈ వారంలోనే వెళ్లాలి, మీ చాంబర్ ఇంకా వారి షెడ్డులోనే ఉంది.