రాక్ వాయించడానికి అన్నిటికన్నా లావైన డ్రమ్ స్టిక్కులే కావాలా?

ఏడాదిపాటు సన్నని 7ఏ రకం స్టిక్కులతో నేర్చుకున్నారు, ఇప్పుడు తిరుపతిలో కాలేజీ రాక్ బ్యాండులో వాయిస్తుంటే రెండు పాటలకొకటి విరుగుతోంది, దొరికినంతలో అన్నిటికన్నా లావైనవి కొనాలా అన్నది మీ ప్రశ్న. అంత దూరం వెళ్లనక్కర లేదు. హికరీ అనే గట్టి చెక్కతో చేసిన 5బీ రకం తీసుకోండి.

అంకె పెరిగేకొద్దీ కర్ర సన్నబడుతుంది. ఏ అనేది వెనకటికి ఆర్కెస్ట్రాకు, బీ అనేది బ్యాండుకు ఉద్దేశించిన గుర్తు. 7ఏ సుమారు 13.7, 5ఏ 14.4, 5బీ 15.1, 2బీ 16 మిల్లీమీటర్ల మందం ఉంటాయి, కంపెనీని బట్టి కొద్దిగా మారుతాయి. ఈ తేడా కంటికి ఆనదు గానీ చేతికి వెంటనే తెలుస్తుంది. మీలాగే నేనూ ఒకప్పుడు 7ఏ వదిలి నేరుగా 2బీ పట్టుకున్నాను. మూడో పాటకే మణికట్టు బిగుసుకుపోయేది, జారిపోతుందన్న భయంతో కర్రను నొక్కిపట్టడం వల్ల ఉంగరపు వేలి మొదట్లో బొబ్బలెక్కేవి, ఇంత చేసినా స్నేర్ డ్రమ్ మోత మాత్రం పెరగలేదు.

మోతను నిర్ణయించేది మందం ఒక్కటే కాదు, కర్ర ముందుభాగంలో ఉన్న బరువు కూడా. మెడ (కొన వైపు సన్నబడే భాగం) పొట్టిగా ఉండి, కొన దగ్గర మాత్రమే సన్నబడే కర్రకు ముందు బరువెక్కువ కనుక దెబ్బ నిండుగా పడుతుంది. మెడ పొడవైతే కర్ర చురుగ్గా ఎగురుతుంది గానీ రాక్‌కు తేలిపోతుంది. కొన కాస్త పెద్దదిగా ఉన్నది చూసుకోండి.

చెక్క విషయంలో మేపుల్ తేలిక, మీ పనికి చాలదు. ఓక్ బరువైనది, ఎక్కువ కాలం మన్నుతుంది, కానీ అదురు మణికట్టుకు ఎక్కుతుంది. హికరీ ఆ అదురును చాలావరకు తానే మింగుతుంది. చెక్క పనికి పేరున్న ఊరు కదా అని ఒకసారి తిరుపతిలోనే ఒక వడ్రంగి దగ్గర టేకుతో జత తీయించుకున్నాను (ఎర్రచందనం జోలికి పోలేదు లెండి). మొదటి రిహార్సల్లోనే ఒకటి మెడ దగ్గర ఏటవాలుగా చీలింది. ముక్కను తిప్పి చూస్తే చెక్క చారలు కర్ర పొడవునా సాగకుండా మధ్యలోనే పక్కకు దిగిపోయాయి. అప్పటినుంచి ఏ స్టిక్ కొన్నా ముందు చారలు నిటారుగా ఉన్నాయా అని చూస్తాను. తరువాత కౌంటర్ అద్దం మీద దొర్లించి వంకర ఉందేమో చూసి, రెండింటినీ ఒక్కొక్కటిగా తట్టి ఒకే శ్రుతి పలుకుతున్నాయా అని వింటాను. ఆన్‌లైన్లో కొనేటట్లయితే మూడు జతలు తెప్పించి, వాటిలో ఒకదానికొకటి సరిపోయేవాటిని జత కలుపుకోవడం మేలు.

ఇక మీ విరిగిన కర్రలను ఒకసారి పరిశీలించండి. మెడ కింద కొరికినట్టు ఉంటే అది హైహ్యాట్, క్రాష్ అనే లోహపు తాళాల అంచుల పని. క్రాష్ మరీ ఎత్తుగా, బల్లపరుపుగా ఉంటే 2బీ అయినా అంతే. దానిని కొంచెం దించి మీ వైపు వంచండి. నడిమికి విరిగి ఉంటే అది రిమ్‌షాట్ (డ్రమ్ పైభాగాన్నీ అంచునూ ఒకేసారి కొట్టడం) దెబ్బ, 5బీ మందం అక్కడ తప్పక పనికొస్తుంది.

మన ఎండలకు చెమటపట్టి వార్నిష్ దట్టంగా ఉన్న కర్రలు జారుతాయి. పట్టుకునే చోట గరుకు కాగితంతో రెండుసార్లు తేలికగా రుద్దితే చాలు. టేపు చుడితే బరువు వెనక్కి పోయి, 5బీ కొన్న ప్రయోజనం కొంత తగ్గుతుంది.