బాబాయ్‌ని లెక్క అడగొచ్చా?

రాయగడ నుంచి ఒకాయన రాశారు. నాన్నగారు 1997లో కొన్న మారుతి 800 ఆయన పోయాక కూడా ఇంట్లోనే ఉంది. పార్వతీపురంలో అత్తగారింటికి బయల్దేరితే కూనేరు చేరేసరికి ఇంజన్ వేడెక్కి ఆగిపోతోంది. మూడు నెలల్లో మూడుసార్లు షెడ్డుకి వెళ్లింది, రేడియేటర్ మార్చారు, వాటర్ పంపు మార్చారు, 14 వేలయింది, ఇప్పుడేమో ఇంజన్ దించాలి ఇంకో 22 వేలంటున్నారట. మెకానిక్ నాన్నగారి స్నేహితుడు, ఈయన చిన్నప్పటినుంచీ బాబాయ్ అని పిలిచే మనిషి. భార్య అమ్మేయమంటోంది, ఆ మాట వింటే అమ్మ అన్నం మానేస్తోంది.

బాబాయ్‌ని బిల్లడిగితే నాన్నని అనుమానించినట్టవుతుందని మీ భయం కదా. కానీ డ్యాష్‌బోర్డులో నాన్నగారి నోటుబుక్కు ఉందని, ప్రతి రిపేరు ఖర్చూ రాసి కింద బాబాయ్ చేత సంతకం పెట్టించేవారని మీరే రాశారు. ఆయనకి లేని మొహమాటం మీకెందుకండీ? అదే బుక్కు పట్టుకెళ్లి, ఆగిపోయిన పేజీ తర్వాత నుంచి రాయడం మొదలుపెట్టండి. తీసేసిన పాత సామాను కూడా అడగండి.

బాబాయ్ మోసం చేస్తున్నారని నేననను. ఒకటి మార్చి చూద్దాం, తగ్గకపోతే ఇంకోటి మార్చి చూద్దాం అనే పద్ధతి చాలా షెడ్లలో ఉంది, ఆ చూడ్డానికయ్యే డబ్బు మాత్రం మీది. అందుకని ఇంజన్ దించే ముందు ఒక పని చేయించండి. పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయమనండి (వేడి మీద ఆ మూత అస్సలు ముట్టుకోకండి, మొహం కాలుతుంది). నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తుంటే చాలావరకు హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్‌కీ, దాని పైభాగమైన హెడ్‌కీ మధ్య ఉండే సీలు) పోయినట్టే. అప్పుడు హెడ్ ఒక్కటే దించి, వంగి ఉంటే లేత్‌లో ఫేసింగ్ చేయించి, అంటే చదును చేయించి, కొత్త గ్యాస్కెట్ వేస్తే సరిపోవచ్చు. బుడగలు లేవా, ఫ్యాన్ తిరుగుతోందో లేదో, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక నీళ్లని రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) తెరుచుకుంటోందో లేదో చూడమనండి, అవి చిన్న ఖర్చులు.

అమ్మగారి దగ్గర అమ్మకం మాట ఇప్పుడొద్దు. 15 ఏళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి కాబట్టి, మీ బండి లెక్కన 2027లో ఎలాగూ అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. 20 ఏళ్లు పైబడిన కార్లకి ఆ ఫీజు 2025లో 10 వేలు చేశారు, ఫిట్‌నెస్ పని వేరే. ఆ ఖర్చు కూడా ఇప్పుడే బుక్కులో రాసుకోండి.

ఇక మీ ఆవిడ. కూనేరు దగ్గర ఎండలో చంటిపిల్లతో రెండు గంటలు రోడ్డు పక్కన నిలబడిందట, ఆ సంగతి మీరు ఒక్క ముక్కలో దాటేశారు, నాకు నచ్చలేదు. అమ్మేయమని ఆవిడ ఊరికే అనడం లేదు. ఈసారి షెడ్డుకి ఆవిణ్ణి కూడా తీసుకెళ్లండి, నోటుబుక్కు, పెన్ను ఆవిడ చేతికివ్వండి.