మొదటి ఆర్నెల్లు పరిచయాలకేనా? అమ్మాయి చదువు వృథా కాదా?

ప్రశ్న: మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. మా అమ్మాయి అనంతపురంలో బీఎస్సీ నర్సింగ్ ఆఖరి సంవత్సరం. చర్చి ద్వారా పరిచయమైన ఒక మిషన్ సంస్థ టాంజానియాలోని పల్లె ఆసుపత్రికి రెండేళ్లకు తీసుకుంటామంటోంది. మొదటి ఆర్నెల్లు వార్డు డ్యూటీ ఉండదట. అక్కడి కుటుంబంతో ఉండి స్వాహిలి నేర్చుకోవడం, ఊళ్లోవాళ్లతో కలిసిమెలిసి తిరగడమే పనట. ఇది కాలయాపన కాదా?

జవాబు: కాదండీ. ఆర్నెల్లు దానికే కేటాయించారంటే ఆ సంస్థకు పని తెలుసు. దిగిన మర్నాడే వార్డులో నిలబెడతామని ఉంటే మాత్రం ఆలోచించమని చెప్పేవాణ్ని.

నర్సు పని సగం రోగి నోటి నుంచి వచ్చే మాట మీదే నడుస్తుంది. నాటుమందు తాగిన సంగతి, భర్త కొట్టిన సంగతి, నెల తప్పిన సంగతి మధ్యలో అనువదించి చెప్పే మనిషి ఉంటే ఏ ఆడమనిషీ విప్పి చెప్పదు. బిడ్డకు రెండో టీకా వేయించడానికి తల్లి మళ్లీ వస్తుందా రాదా అన్నది కూడా మీ అమ్మాయి మీద ఆమెకున్న నమ్మకాన్ని బట్టే ఉంటుంది.

ఈ మాట కొత్తదేం కాదు. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య లేచి, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇప్పుడు మాకు స్నేహితులను ఇవ్వండి అని పాశ్చాత్య మిషనరీలను అడిగారు. ఆయన తమిళుడు. తెలుగు నేర్చుకుని మన మధ్య పనిచేశారు, 1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు. ఆనాడు ఆ లోటు తెల్లవాళ్లది. ఈనాడు మన పిల్లలు విదేశానికి వెళ్లి అదే చేసే ప్రమాదం ఉంది.

ఎలా చేస్తారంటే, మిషన్ కాంపౌండ్‌లో నలుగురు భారతీయులుంటే ఒకే వంట, ఒకే కబుర్లు, రాత్రి ఇంటికి వీడియో కాల్. రెండేళ్లు గడిచాక చూస్తే ఊళ్లో పేరు పెట్టి పిలిచే మనిషి ఒక్కరూ ఉండరు. అందుకే స్థానిక కుటుంబంతో ఉండమనడం మంచి షరతు. పొద్దున రెండు మూడు గంటలు పంతులు దగ్గర చదువు, సాయంత్రం నేర్చుకున్న పది వాక్యాలు పట్టుకుని రోజూ అదే కూరగాయల కొట్టుకు, అదే పొరుగింటికి వెళ్లడం. మనుషులను మార్చకూడదు. యాభై మందిని ఒక్కోసారి కలవడం కన్నా ఐదుగురిని యాభైసార్లు కలిస్తే భాషా వస్తుంది, స్నేహమూ కుదురుతుంది. అక్కడ పెద్దవాళ్లు ఎదురైతే చిన్నవాళ్లు ముందుగా ‘షికమో’ అనాలి, వాళ్లు ‘మరహబా’ అంటారు. ఇల్లు, పిల్లలు, ఆరోగ్యం అన్నీ అడిగాకే పని సంగతి ఎత్తాలి. ఈ పలకరింపు దాటేసి నేరుగా పనిలోకి దిగితే పొగరనుకుంటారు.

ఎక్కువ స్నేహాలు చెడేది డబ్బు దగ్గర. మొదటి నెలలోనే ఎవరో ఫీజుకో మందులకో అడుగుతారు. అమ్మాయి జాలితో ఇస్తుంది. మర్నాటికి ఆ మాట ఊరంతా పాకుతుంది, అప్పటినుంచి ఆమె పొరుగింటి పిల్ల కాదు, ఇచ్చే చెయ్యి. అప్పుగా తీసుకుని తీర్చలేనివాళ్లు మొహం చాటేస్తారు. తొలి ఆర్నెల్లు సొంతంగా అప్పు, దానం రెండూ వద్దని ముందే అనుకోవాలి. నిజంగా అవసరమున్నవాళ్లను ఆసుపత్రి లేదా చర్చి సహాయనిధికి పంపాలి. దానికి బదులు తను తీసుకోవడం నేర్చుకోవాలి: వాళ్లు పెట్టిన ఉగాలి తినడం (మన రాగిసంగటి తిన్న పిల్లకు అదేం కష్టం కాదు), వంట నేర్పమని అడగడం, మొక్కజొన్న ఒలిచేటప్పుడు పక్కన కూర్చోవడం. ఎప్పుడూ ఒకరే ఇచ్చేవారైతే అది స్నేహం కాదు. ఇండియాకు తీసుకెళ్తాననో చదివిస్తాననో నోరు జారకూడదు. రోగుల ఫోటోలు ఇక్కడి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదు.

వార్డులోకి వెళ్లాక మొదటి నెల చూడటం, అడగటం వరకే. అక్కడి సీనియర్ నర్సు గ్లౌజులు పొదుపుగా వాడుతుంటే, స్టాకు ఎప్పుడొస్తుందో ఆమెకు తెలుసు కాబట్టి. రోగి ముందు ఆమెను దిద్దితే ఆ మాట రెండేళ్లూ మరచిపోదు. ప్రాణానికి ముప్పుంటే వెంటనే చెప్పాలి, మిగతావి విడిగా. టాంజానియాలో ముస్లింలు చాలామంది. మంచంలో ఉన్నవాళ్లకు వైద్యాన్ని ఎరగా చూపి మతం మాట్లాడటం తప్పు. అడిగితే జవాబు చెప్పొచ్చు.

ఇక కెరీర్. కోర్సు అవ్వగానే పంపవద్దు. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించి, వంద పడకలకు తగ్గని ఆసుపత్రిలో ఒక ఏడాది పనిచేయించండి. ఆ అనుభవం ఉంటే ఆర్నెల్ల విరామం రేపు ఏ ఇంటర్వ్యూలోనూ అడ్డు కాదు. ఆ ఆర్నెల్లకు ‘భాషా శిక్షణ’ అని సంస్థ లెటర్‌హెడ్ మీద రాయించుకోవాలి. అక్కడ మిషనరీలకు ఇచ్చేది క్లాస్ సి నివాస అనుమతి. విజిట్ వీసా మీద పని చేయకూడదు. రోగిని ముట్టుకోవాలంటే ఆ దేశపు నర్సింగ్, మిడ్‌వైఫరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఈ రెండూ ఎవరు చేయిస్తారు, నెలకు ఎంత ఇస్తారు, ఆ డబ్బు తనే దాతలను వెతికి తెచ్చుకోవాలా, ఆరోగ్య బీమా, తిరుగు టికెట్ ఎవరివి, ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పాలి అన్నవి కాగితం మీద అడగండి. పాస్‌పోర్ట్ ఆమె దగ్గరే ఉండాలి.

ఈ ఏడాదిలో ఒక పరీక్ష పెట్టి చూడండి. అనంతపురం, కదిరి వైపు సుగాలి తండాలున్నాయి, మడకశిర వైపు కన్నడం మాట్లాడే పల్లెలున్నాయి. తెలిసినవాళ్ల ద్వారా ఒకదాన్ని ఎంచుకుని మూడు నెలలు ప్రతి సెలవురోజూ వెళ్లమనండి. మందులు, డబ్బు ఏమీ పట్టుకెళ్లకుండా, వాళ్ల భాష నేర్చుకోవడానికి మాత్రమే. మూడో నెలకు ఎవరైనా తమంతట తాము అన్నానికి పిలిస్తే ఆమెను నిశ్చింతగా పంపండి. వెళ్లడమే బరువనిపిస్తే ప్రయాణం ఇంకో ఏడాది వాయిదా వేయమని సంస్థతో మాట్లాడండి, మంచి సంస్థ కాదనదు.