ప్రోటీన్ సెన్సర్ మొదలెట్టే ముందు ఇది చదువు

అమ్మాయ్,

మెయిల్ చూశా. ప్రోస్టేట్ టెస్ట్‌లో రక్తంలో చూసే పీఎస్ఏ అనే ప్రోటీన్‌ని పట్టే సెన్సర్ చేస్తా, దానికి నానోపోరస్ అల్యూమినా (సన్న సన్న రంధ్రాలుండే అల్యూమినియం ఆక్సైడ్ పొర) వాడతా అన్నావు, బానే ఉంది. అల్యూమినియం రేకు మీద ల్యాబ్‌లోనే పెంచుకోవచ్చు, పోరస్ సిలికాన్‌కి లాగా హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌తో పెట్టుకోవక్కర్లేదు (రాత్రిపూట ఒంటరిగా దాంతో పనిచేసే పిల్లల్ని చూస్తే నాకిప్పటికీ దడే). కానీ "రంధ్రం ఎంత చిన్నదైతే సర్ఫేస్ అంత ఎక్కువ మావయ్యా, అందుకే 20 నానోమీటర్లు" అన్నావు చూడు, అక్కడ ఆగు.

పీఎస్ఏని పట్టుకోడానికి రంధ్రం గోడకి అంటించే యాంటీబాడీ ఒక్కోటి 10 నుంచి 15 నానోమీటర్లు ఉంటది. గోడ చుట్టూ అది అంటుకున్నాక 20లో ఇంకేం మిగులుద్ది? సందుకి రెండువైపులా అరుగులు కట్టేశాక బండి ఎలా పోతది? పీఎస్ఏ చిన్నదే, బరువు 30 కిలోడాల్టన్ల చుట్టుపక్కల, అయినా దానికి దారి ఉండాలి కదా. ఆక్సాలిక్ యాసిడ్ చల్లగా ఉంచి, అందులో రేకుని 40 వోల్ట్‌ల దగ్గర ఆనోడైజ్ చేస్తే (అంటే కరెంటు పెట్టి దాని మీద ఆ రంధ్రాల పొర పెంచితే) రంధ్రానికీ రంధ్రానికీ మధ్య 100 నానోమీటర్ల దూరం వస్తది, తర్వాత 5 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్‌లో కాసేపు ఉంచి 60, 70 దాకా వెడల్పు చెయ్యి, అంతకంటే పోతే గోడలు పల్చబడి కూలిపోతాయి. వరస నీట్‌గా రావాలంటే మసుదా వాళ్లు జపాన్‌లో 90లలో చూపించినట్టు మొదటి పొర కరిగించేసి రెండోసారి ఆనోడైజ్ చెయ్యి. అడుగున రంధ్రాలు లేని బారియర్ లేయర్ ఉంటది, అది తీసెయ్యకపోతే ఇవతల్నించి అవతలికి ఏదీ పోదు. రెండువైపులా తెరిచిన మెంబ్రేన్ అయితే శాంపిల్‌ని లోంచి నెట్టొచ్చు, మూసిన గొట్టం అయితే ప్రోటీన్ దానంతటది లోపలికి దిగేదాకా కూర్చోవాలి, నేనైతే తెరిచిందే వాడతా.

యాంటీబాడీ గోడకి అతుక్కోడానికి ముందుగా ఆప్టెస్ (ఒక సైలేన్ రసాయనం) వేసేటప్పుడు, దాన్ని కలిపే టోలుయిన్ నీటి తడి లేకుండా పొడిగా ఉండాలి, తడి తగిలితే సైలేన్ దాంట్లో అదే గొలుసు కట్టుకుని రంధ్రం మూతి మూసేస్తది, అప్పుడు సిగ్నల్ మారిందని సంబరపడతావు గానీ అది ప్రోటీన్ కాదు.

ఇక అసలు గొడవ సీరం, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం. పీఎస్ఏకి డాక్టర్లు మామూలుగా చూసే గీత మిల్లీలీటర్‌కి 4 నానోగ్రాములు, అదే సీరంలో ఆల్బుమిన్ అనే వేరే ప్రోటీన్ 40 మిల్లీగ్రాముల దాకా ఉంటది, అంటే కోటి రెట్లు!! రంధ్రానికి ఎవరు అడ్డం పడ్డా ఇంపీడెన్స్ (కరెంటుకి ఎదురయ్యే అడ్డు, నీ సెన్సర్ కొలిచేది అదే) పెరుగుద్ది, దానికి మొహాలు తెలీవు. అందుకే ఈ ప్రోటీన్ల గోల లేని బఫర్ ద్రావణంలో వచ్చిన అందమైన కర్వ్ చూసి మీ గైడ్ దగ్గరికి పరిగెత్తకు. బ్లాకింగ్ (గోడ మీద మిగిలిన ఖాళీలకి వేరే ప్రోటీన్లు అంటకుండా కప్పెయ్యడం) అయ్యాక పీఎస్ఏకి సంబంధంలేని యాంటీబాడీ పెట్టిన ఇంకో మెంబ్రేన్‌ని అదే సీరంలో, అదే రోజు నడుపు. రెండిటికీ మధ్య తేడానే నీ సిగ్నల్.

ముందు ఆడవాళ్ల సీరం వాడు, అందులో పీఎస్ఏ లేనట్టే లెక్క, దాంట్లో నువ్వే పీఎస్ఏ కొలిచి కలుపుకుంటూ పో. ఆ రెండు మెంబ్రేన్ల కర్వ్‌లూ ఒకే గ్రాఫ్ మీద గీసి పంపు, ఆదివారం కూర్చుని చూద్దాం.

మీ మావయ్య